లగ్జరీ సెడాన్ ఎంచుకోవడం ఎలా: బ్యాడ్జీకి ఎంత, కారుకు ఎంత?

అరవై లక్షలు పెట్టి బెంజ్ కొనాలా, బీఎండబ్ల్యూనా, ఆడీనా, లెక్సస్సా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఒక కంపెనీకి గొప్ప పేరు తెచ్చేది దాని పై మెట్టు కారు. మనలో చాలామంది కొనేది కింది మెట్టు కారు. కార్ల కంపెనీ పేరు ఇంటిపేరు లాంటిది: పెదనాన్నకూ తమ్ముడి కొడుక్కూ ఒకటే ఉంటుంది, ఆస్తి మాత్రం ఒకటే ఉండదు. పై కారులోది కింది కారులోకి ఎంత దిగిందో పట్టుకోవడమే పోలిక. అది ఎలా చేయాలో వరుసగా చూద్దాం. మోడళ్లు, ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి అంకెల కంటే పద్ధతిని గుర్తుపెట్టుకోండి.

1. మీరు కూర్చునేది ఏ సీటు?

ఇది తేలకుండా షోరూమ్‌కి వెళ్లకండి. డ్రైవర్ నడుపుతుంటే వెనక ఎడమవైపు కూర్చునేవాళ్లు చూడాల్సిన కారు ఒకటి, స్టీరింగ్ తామే పట్టేవాళ్లు చూడాల్సిన కారు మరొకటి. ఒకే కంపెనీ, ఒకే పేరు మీద ఈ రెండూ వేర్వేరుగా దొరుకుతాయి. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌నే తీసుకోండి. 330ఎల్ఐ పొడుగు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కారు: 2,961 మి.మీ., మామూలు 3 సిరీస్ కంటే 110 మి.మీ. ఎక్కువ. ఇంజిన్ రెండు లీటర్ల నాలుగు సిలిండర్లది, 258 హార్స్‌పవర్. ఎం340ఐ మామూలు పొడుగే, కానీ అందులో మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, నాలుగు చక్రాలకూ పవర్. వెనక కూర్చునే పెద్దాయన కోసం ఎం340ఐ కొన్నా, సొంతంగా నడపాలని ఉబలాటపడి 330ఎల్ఐ కొన్నా, మంచి కారే కొని తప్పు సీట్లో కూర్చున్నట్టు.

ఇంట్లో ఇద్దరూ ఉంటే, అంటే వారమంతా డ్రైవర్ నడిపి ఆదివారం మీరు నడిపితే, వెనక సీటుకే ఓటు వేయండి. వారంలో ఎక్కువ గంటలు గడిచేది అక్కడే.

2. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోండి

ఇది చరిత్ర పాఠం కోసం కాదు. పేరు దేనివల్ల వచ్చిందో తెలిస్తేనే, మీ ముందున్న కారులో అది ఉందో లేదో వెతకగలరు.

మెర్సిడెస్-బెంజ్ ప్రతిష్ఠ అంతా దాని పై మెట్టు కారైన ఎస్-క్లాస్ చుట్టూ అల్లుకున్నది. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే, బాష్ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ బ్రేకులు 1978లో ఆ కారుతోనే మార్కెట్లోకి వచ్చాయి. 1980ల మొదట్లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, 1995లో కారు జారకుండా పట్టే ఈఎస్‌పీ కూడా ఎస్-క్లాస్ కుటుంబం నుంచే మొదలయ్యాయి. ఈ రోజు పది లక్షల కారులో ఉన్న భద్రత ఒకప్పుడు ఎస్-క్లాస్‌లో మాత్రమే ఉండేది. భారత్‌లో ఆ కంపెనీ 1995లో పుణెలో డబ్ల్యూ124 తరం ఈ-క్లాస్‌తో మొదలుపెట్టింది. అందుకే మన పల్లెల్లో సైతం డబ్బున్న మనిషంటే బెంజ్ కారే గుర్తొస్తుంది. మిగతా జర్మన్ కంపెనీలు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టేసరికి దానికి పదేళ్లు పైగా ఆధిక్యం వచ్చేసింది.

బీఎండబ్ల్యూ పుట్టింది విమాన ఇంజిన్లతో. సెడాన్ల పేరు మాత్రం 1962 నాటి 1500 మోడల్‌తో, తర్వాత 1972లో వచ్చిన 5 సిరీస్, 1975లో వచ్చిన 3 సిరీస్‌తో స్థిరపడింది. వెనక చక్రాలకు పవర్, ముందూ వెనకా దాదాపు సమానమైన బరువు, వరుసగా ఆరు సిలిండర్ల ఇంజిన్: నడిపేవాడికి నచ్చే ఈ మూడే దాని పేరుకు పునాది. చెన్నై దగ్గరి ఫ్యాక్టరీ 2007లో మొదలైంది.

ఆడీ పేరు 1980లో వచ్చిన క్వాట్రోది, అంటే నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే పద్ధతిది. దానితో ర్యాలీల్లో గెలిచి పరువు సంపాదించింది. తర్వాతి కాలంలో లోపలి ఫిట్టింగుల నాణ్యత, లైట్ల డిజైన్ దానికి తోడయ్యాయి.

లెక్సస్ వీటన్నిటికంటే చిన్నది. టయోటా 1989లో ఎల్‌ఎస్ 400తో అమెరికాలో మొదలుపెట్టింది. బానెట్ మీద షాంపేన్ గ్లాసులు పేర్చి, ఇంజిన్ తిరుగుతుండగా ఒక్కటీ పడకుండా చూపించిన ప్రకటన ఆ కాలానిదే. కానీ అసలు పేరు తెచ్చింది ప్రకటన కాదు. అదే ఏడాది చివర్లో లోపం తేలి దాదాపు 8,000 కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చినప్పుడు, డీలర్లు యజమానుల ఇళ్లకు వెళ్లి కార్లు తెచ్చి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగిచ్చారు. వందేళ్ల చరిత్ర లేని కంపెనీ సర్వీసుతో ప్రతిష్ఠ కొనుక్కుంది.

వోల్వోది భద్రత. 1959లో నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు ఆ కంపెనీదే. ఆ పేటెంటును అన్ని కంపెనీలూ వాడుకోనిచ్చింది. ఎస్90 మంచి కారు, కానీ మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే చూడాలి.

ఇక రోల్స్-రాయిస్, బెంట్లీ, మేబాక్ స్థాయిలో పోలిక వేరు. అక్కడ కారును ఎంచుకోరు, చేయించుకుంటారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ 1912 సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం కోసం బార్కర్ సంస్థ సింహాసనంలాంటి వెనక సీటుతో బాడీ కట్టింది. వెనక సీటే అసలు సీటు అన్న ఆలోచన హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు.

3. పైనుంచి కిందికి ఎంత దిగింది?

పోలికలో ముఖ్యమైన పని ఇదే, షోరూమ్‌లో ఎవరూ చెప్పనిదీ ఇదే. సేల్స్ అతణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. ఈ కారు ప్లాట్‌ఫాం, అంటే కింది కట్టడం, ఏ ఏ కార్లతో పంచుకుంది? ఇంజిన్ నిలువుగా (కారు పొడవునా) ఉందా, అడ్డంగా ఉందా? పవర్ ముందు చక్రాలకా, వెనక చక్రాలకా?

జవాబులు ఇలా ఉంటాయి. డబ్ల్యూ206 తరం సి-క్లాస్ ప్లాట్‌ఫాం ఇప్పటి ఎస్-క్లాస్‌తో పంచుకున్నది. మధ్యలో నిలువుగా ఉండే పెద్ద స్క్రీన్ ఆలోచన కూడా అక్కణ్ణుంచే దిగింది. సి200 ఇంజిన్ మాత్రం 1,496 సీసీ. 1.5 లీటర్లని వినగానే కొందరు మొహం చిట్లిస్తారు. టర్బో, 48 వోల్టుల హైబ్రిడ్ (ఇంజిన్‌కు తోడుండే ఎలక్ట్రిక్ మోటారు) సాయంతో 204 హార్స్‌పవర్ ఇస్తుంది, ఊళ్లో సరిపోతుంది. హైవే మీద నిండుగా ఐదుగురితో లారీని దాటేటప్పుడు మాత్రం ఇంజిన్ గొంతు పెంచుతుంది. ఎ-క్లాస్ లిమోజిన్ కథ వేరు: అడ్డంగా పెట్టిన 1.3 లీటర్ల ఇంజిన్, ముందు చక్రాలకు పవర్. ఆ ఇంజిన్‌ను రెనోతో కలిసి తయారుచేశారు. నక్షత్రం అదే, ఎస్-క్లాస్‌తో బంధుత్వం దూరం. బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే కూడా అంతే, మినీ కార్లతో ప్లాట్‌ఫాం పంచుకున్న, ముందు చక్రాలకు పవర్ ఇచ్చే కారు. 3 సిరీస్ నుంచి పైకి 7 సిరీస్ దాకా ఒకే కుటుంబం.

ఆడీ దగ్గర ఒక తమాషా ఉంది. ఎ4, ఎ6 రెండింటిలోనూ ఇంజిన్ నిలువుగానే ఉంటుంది, పెద్ద ఆడీలతో బంధుత్వం నిజమే. కానీ మన దేశంలో అమ్మిన ఎ4 40 టీఎఫ్‌ఎస్‌ఐ, ఎ6 45 టీఎఫ్‌ఎస్‌ఐ ముందు చక్రాల పవర్‌వే. ఏ క్వాట్రో వల్ల పేరొచ్చిందో అదే ఇందులో లేదు. పొడి రోడ్డు మీద తేడా తెలియదు. వానలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే తెలుస్తుంది. అది తెలిసి, లోపలి నాణ్యత కోసం కొంటే తప్పులేదు.

లెక్సస్ ఈఎస్ 300హెచ్ టయోటా క్యామ్రీ ప్లాట్‌ఫాం మీద, అదే 2.5 లీటర్ల హైబ్రిడ్ ఇంజిన్‌తో నడుస్తుంది. రెండూ బెంగళూరు దగ్గరి బిడదిలోనే తయారవుతాయి. మరి అదనంగా ఇచ్చే లక్షలు దేనికి? సౌండ్ ఇన్సులేషన్, సీట్లు, కుట్టు, పెయింటు, షోరూమ్ మర్యాద. ఆ లెక్క మీకు నచ్చితేనే కొనండి. ఒక రోజు క్యామ్రీ, మరుసటి రోజు ఈఎస్ నడిపి చూడండి. తేడా మీకే వినిపించకపోతే, ఎదుటివాళ్లకు కనిపించేది బ్యాడ్జీ ఒక్కటే.

4. చేత్తో తాకి చూడాల్సినవి

షోరూమ్ లైట్ల కింద అన్నీ మెరుస్తాయి. కారును ఎండలోకి తెమ్మని అడగండి.

ముందు తోలు. కింది వేరియంట్లలో ఆర్టికో, సెన్సాటెక్, నూలక్స్ అనే పేర్లు కనిపిస్తే అది కృత్రిమ తోలు. మన్నికలో అది అసలు తోలు కంటే తక్కువేమీ కాదు, మన ఎండకు తుడుచుకోవడం తేలిక కూడా. కానీ తోలు ధర చెప్పి దీన్ని అమ్మితే ఊరుకోవద్దు. సీటు ఏ మెటీరియలో, ఏ భాగంలో ఏదో బ్రోచర్‌లో వేలు పెట్టి చూపించమనండి. తెల్లటి లేదా లేత గోధుమ రంగు సీట్లు ఫొటోల్లో బాగుంటాయి, కొత్త జీన్స్ రంగు మాత్రం రెండు నెలల్లో అంటుకుంటుంది. బ్రౌన్ లేదా నలుపు తీసుకోండి.

తర్వాత మోకాలి కింది భాగాలు. డ్యాష్‌బోర్డ్ పైభాగం ఏ కారులోనైనా మెత్తగానే ఉంటుంది. డోర్ కింది జేబు, గ్లవ్ బాక్స్ లోపలి గోడ, వెనక ఏసీ వెంట్ల చుట్టుపక్కల గట్టి ప్లాస్టిక్ ఉందో, గుడ్డ అతికించారో చూడండి. ఖర్చు తగ్గించిన చోటు అక్కడే బయటపడుతుంది. మధ్య కన్సోల్‌ను పక్కకు నొక్కితే కిర్రుమంటే, ఇరవై వేల కిలోమీటర్లకు ఆ శబ్దం శాశ్వతమవుతుంది. మెరిసే నల్ల ప్లాస్టిక్ ఎక్కువగా ఉన్న కారులో గీతలు, వేలిముద్రలు మొదటి నెల నుంచే లెక్కపెట్టుకోవచ్చు.

డిక్కీ తెరిచి స్టెప్నీ ఎక్కడుందో చూడండి. కొన్ని కార్లలో అది కింద గుంటలో సర్దుకుంటుంది, కొన్నిట్లో నేల మీదే పడి సగం డిక్కీ తినేస్తుంది. రన్‌ఫ్లాట్ టైర్లున్న బీఎండబ్ల్యూల్లో అసలు స్టెప్నీ ఉండకపోవచ్చు. గాలి పోయినా దాదాపు 80 కిలోమీటర్లు మెల్లగా నడిపే టైరు అది. పక్కగోడ గట్టిగా ఉండటం వల్ల కుదుపు ఎక్కువ, పంక్చర్ వేయడం చాలాసార్లు కుదరదు, మార్చాల్సిందే. విమానాశ్రయానికి నాలుగు సూట్‌కేసులతో వెళ్లే కుటుంబమైతే, సూట్‌కేసులే తెచ్చి పెట్టి చూడండి. మొహమాటపడకండి, అరవై లక్షలు ఇస్తున్నది మీరు.

5. వెనక సీటు కొలత

వీల్‌బేస్ అంకెలు ఒకే రకం కార్ల మధ్య మాత్రమే పోలికకు పనికొస్తాయి. ఇప్పటి ఈ-క్లాస్ పొడుగు కారుది 3,094 మి.మీ., 5 సిరీస్ పొడుగు కారుది 3,105. రెండింటిలో ఇంజిన్ నిలువుగానే ఉంది కాబట్టి ఈ పోలిక చెల్లుతుంది. వీటితో ఈఎస్ 300హెచ్ 2,870ని పోల్చి అది ఇరుకనుకోకండి. ఇంజిన్ అడ్డంగా ఉండే కారులో బానెట్ కింద తక్కువ జాగా పోతుంది, మిగిలింది సీట్లకు వస్తుంది. పైగా వెనక మధ్యలో గూనులా లేచే టన్నెల్ తక్కువ. వెనక చక్రాలకు పవర్ ఇచ్చే కార్లలో మధ్య సీటు పేరుకే. ముగ్గురు పెద్దవాళ్లు వెనక కూర్చోవాల్సిన ఇంటికి ఈ ఒక్క సంగతే నిర్ణయం మార్చేయొచ్చు.

కొలిచే పద్ధతి: 5 అడుగుల 8 అంగుళాల మనిషిని ముందు ఎడమ సీట్లో సౌకర్యంగా కూర్చోబెట్టి, ఆ సీటును కదపకుండా మీరు వెనక కూర్చోండి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య పిడికిలి పెట్టండి. ఒక పిడికిలి పడితే సరిపోతుంది, రెండు పడితే విలాసం. ఆ తర్వాత ఎక్కువమంది మరిచిపోయేది తొడల ఆసరా. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య మూడు నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. తొడలు సీటును తాకాలి. సీటు కిందికి ఉంటే మోకాళ్లు పైకి లేస్తాయి. పొడుగు వీల్‌బేస్ ఉన్నా హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేసరికి నడుము పట్టేస్తుంది. చివరగా తలుపు సంగతి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లి, మూడుసార్లు ఎక్కి దిగమనండి. సెడాన్లు కిందికి ఉంటాయి, దిగడమే కష్టం. ఇది బ్రోచర్‌లో ఉండదు.

గాజు పైకప్పు ఉంటే, గుడ్డ తెర మూసి మధ్యాహ్నం ఎండలో పది నిమిషాలు కారును నిలిపి, ఏసీ వేసి కూర్చోండి. నడినెత్తికి వేడి తగులుతుంటే మే నెల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

6. టెస్ట్ డ్రైవ్

షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చేదాన్ని టెస్ట్ డ్రైవ్ అనరు. కనీసం అరగంట, ముగ్గురు మనుషులతో, పాటలు ఆపేసి చేయండి. సగం దూరం మీరు వెనక కూర్చోండి.

ఈ వరుసలో పరీక్షించండి. మొదట ట్రాఫిక్‌లో నత్తనడక. ఆడీలోని రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్, బీఎండబ్ల్యూ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, బెంజ్ తొమ్మిది గేర్ల ఆటోమేటిక్, లెక్సస్ హైబ్రిడ్: ఈ నాలుగింటి స్వభావం ఇక్కడే తేలుతుంది. బ్రేకు మీద కాలు తీస్తూ పెడుతూ ఉంటే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఒక్కోసారి చిన్న కుదుపు ఇస్తుంది. హైబ్రిడ్ మోటారుతోనే పాకుతుంది కాబట్టి కుదుపే ఉండదు.

తర్వాత స్పీడ్ బ్రేకర్. ముగ్గురు కూర్చున్నాక, మీ కాలనీలో ఉండే అసలైన ఎత్తైన దాని మీద, గంటకు 10 కిలోమీటర్ల వేగంతో. పొడుగు వీల్‌బేస్ కారుకు తగిలేది ముందు బంపర్ కంటే కడుపు. చక్రాల మధ్య దూరం పెరిగినకొద్దీ మధ్యభాగం గడ్డకు దగ్గరవుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ అంకె ఒకటే అయినా పొడుగు కారు రాసుకుంటుంది. కాస్త ఏటవాలుగా ఎక్కిస్తే కొంత తప్పుతుంది, ప్రతిసారీ అలా తిప్పగలరో లేదో డ్రైవర్‌ను అడగండి. మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద ఓసారి దింపి ఎక్కించి చూడటం ఇంకా మంచిది.

గుంతల రోడ్డు దగ్గర టైరు సైజు చూడండి. 225/50 ఆర్17 టైరు పక్కగోడ ఎత్తు సుమారు 112 మి.మీ., 225/45 ఆర్18ది 101. ఆ పదకొండు మిల్లీమీటర్లే గుంతలో పడ్డప్పుడు రిమ్ము వంగకుండా, టైరు పక్కన బుడగ రాకుండా కాపాడేవి. పెద్ద చక్రాలు అందమే, కానీ మన రోడ్లకు చిన్న రిమ్ము, లావు టైరు ఉన్న వేరియంటే తెలివైన ఎంపిక.

చివరగా ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన వేగంలో గాలి చప్పుడు, టైరు రొద వినండి. పక్కవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే చాలు.

7. ఇంజిన్: మీ దారిని బట్టి

జూబ్లీహిల్స్ నుంచి హైటెక్ సిటీకి రోజూ పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిల్ వద్దు. బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్ పొగగొట్టంలోని ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. అది కాలి శుభ్రం కావాలంటే హైవే వేగంతో ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా నడపాలి. ట్రాఫిక్‌లో అది జరగదు, లైటు వెలుగుతుంది, సర్వీస్ సెంటర్‌కు దారి పడుతుంది. వారానికోసారి విజయవాడో విశాఖో వెళ్లేవాళ్లకు డీజిల్ హాయి. డీజిల్ పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకు ఉన్న కార్లలో హెచ్చరిక వచ్చాక నిర్లక్ష్యం చేయొద్దు. పూర్తిగా ఖాళీ అయితే ఒకసారి ఆపిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదు. ఆడీ 2020లో బీఎస్6 వచ్చాక ఇక్కడ డీజిల్ మానేసింది, లెక్సస్ ఈఎస్ హైబ్రిడ్ మాత్రమే.

హైబ్రిడ్ కొంటే వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఎక్కడుందో చూపించమనండి. దాని మీద బ్యాగులు, దుప్పట్లు పెడితే, దుమ్ము పడితే బ్యాటరీ వేడెక్కుతుంది.

ఎలక్ట్రిక్ సెడాన్లను కొట్టిపారేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు, డీజిల్ కార్ల మీద జీఎస్టీ 40%. ఎలక్ట్రిక్ మీద 5%. తెలంగాణ రోడ్డు ట్యాక్స్ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ఉంది. పై మెట్టు కారుకు ఈ తేడా లక్షల్లో ఉంటుంది. ఇంట్లో చార్జర్ పెట్టుకోగలిగితే, ఎస్-క్లాస్ అనుకున్నవాళ్లు ఈక్యూఎస్‌నూ, 7 సిరీస్ అనుకున్నవాళ్లు ఐ7నూ ఒకసారి చూడాల్సిందే. పాతబడ్డాక ధర ఎంత పలుకుతుందన్నదే వాటి బలహీనత.

8. కాగితం మీద లెక్క

ఎక్స్-షోరూమ్ 60 లక్షల కారును ఉదాహరణగా తీసుకోండి. లైఫ్ ట్యాక్స్ ధరను బట్టి శ్లాబుల్లో ఉంటుంది, ఈ కార్లు పై శ్లాబులోకి వస్తాయి. లెక్క కోసం 18% అనుకుంటే 10.8 లక్షలు. పది లక్షలు దాటిన కారుకు 1% టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసే ఆదాయపు పన్ను), ఇక్కడ 60 వేలు. ఇన్సూరెన్స్ సుమారు రెండు లక్షల పైన. మొత్తం 73 లక్షలు దాటుతుంది. మీ రాష్ట్రంలో ఈ రోజున్న శ్లాబు ఆర్టీఏ దగ్గర చూసుకోండి. టీసీఎస్ ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి సర్దుకోవచ్చు. చాలామంది మరిచిపోతారు. మీ వ్యాపార సంస్థ పేరు మీద కొంటే ఏటా 15% తరుగుదల చూపించవచ్చు. సొంత వాడకపు కారు మీద కట్టిన జీఎస్టీకి మాత్రం ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, వస్తుందని ఎవరైనా ఆశపెడితే మీ ఆడిటర్‌ను అడగండి.

ఇన్సూరెన్స్‌లో జీరో డెప్‌ (విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించే కవర్)తోపాటు ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పనిసరి. సెడాన్లలో ఇంజిన్‌కు గాలి వెళ్లే దారి కిందే ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీళ్లు చేరి రాడ్లు వంగిపోతాయి, మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు. టైరు కవర్, తాళంచెవి కవర్ కూడా తీసుకోండి.

సర్వీస్ ప్యాకేజీ ధరను మొదటి రోజే ధర చర్చలో కలపండి. తర్వాత అడిగితే తగ్గించరు. ప్యాకేజీలో ఆయిల్, ఫిల్టర్లే ఉన్నాయా, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, రెండేళ్లకోసారి మార్చే బ్రేక్ ఫ్లూయిడ్ కూడా ఉన్నాయా అని విడివిడిగా చూడండి. టైర్లు ఎప్పుడూ ఉండవు. పక్కగోడ మీద బెంజ్‌కు ఎంఓ, ఆడీకి ఏఓ, బీఎండబ్ల్యూకు చిన్న నక్షత్రం గుర్తు ఉన్న టైర్లే కంపెనీ ఆమోదించినవి. ఆ గుర్తు లేని టైరు చవకగా దొరుకుతుంది కానీ రొదలో, కుదుపులో తేడా వస్తుంది.

మీ ఊరి నుంచి సర్వీస్ సెంటర్ ఎంత దూరం? హైదరాబాద్ దాటితే రెండు రాష్ట్రాల్లోనూ ఇవి కొద్ది నగరాల్లోనే ఉన్నాయి. కర్నూలులోనో ఖమ్మంలోనో ఉండేవాళ్లు రెండు కార్ల మధ్య ఊగిసలాడుతుంటే, దగ్గర్లో సర్వీస్ ఉన్నదానికే మొగ్గండి.

9. సెకండ్ హ్యాండ్ అయితే

నాలుగేళ్ల ఈ-క్లాస్, కొత్త మధ్యతరగతి ఎస్‌యూవీ ధరకు దొరుకుతుంది. ధర తగ్గుతుంది, విడిభాగాల ధర తగ్గదు. మోసం అక్కడే ఉంది.

ఛాసిస్ నంబరు తీసుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌లో చరిత్ర చూడండి. స్కానర్ పెట్టించి ఇంజిన్ మాత్రమే కాకుండా అన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లూ చదివించండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారును రాత్రంతా నిలిపి, ఉదయం స్టార్ట్ చేయకముందే చూడండి. ఒక మూల కిందికి దిగి ఉంటే గాలి బెలూన్ లీకవుతున్నట్టే. దాన్ని అలాగే నడిపితే కంప్రెసర్ ఆగకుండా పనిచేసి కాలిపోతుంది. 2007–2011 మధ్య వచ్చిన ఎన్47 అనే డీజిల్ ఇంజిన్ ఉన్న బీఎండబ్ల్యూలకు దూరంగా ఉండండి. టైమింగ్ చైన్ ఇంజిన్ వెనకవైపు ఉంటుంది, మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దింపాలి. అదే కాలపు ఆడీ 2.0 పెట్రోలు కొన్నిటికి ఆయిల్ తాగే జబ్బు ఉంది, వెయ్యి కిలోమీటర్లకు ఎంత పోస్తున్నారో అడగండి. బీఎండబ్ల్యూ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉంటుందని కొందరు చెబుతారు. గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

వరద నీళ్లలో మునిగిన కార్లు బాగా కడిగి అమ్ముతారు. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు, విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదలు గుర్తుంచుకుని, ఆ నెలల్లో కారు ఎక్కడుందో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏదైనా ఉందో చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపల మట్టి గీత కనిపించొచ్చు. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు వాసన ఉంటే బేరం ఆపేయండి.

ఢిల్లీ నుంచి వచ్చే పాత డీజిల్ కార్లు చవక. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ మీద ఆంక్షలున్నాయి కాబట్టే ఆ ధర. ఇక్కడ పన్నెండు నెలలు దాటి వాడితే రీ-రిజిస్ట్రేషన్ చేయించి, వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి రాకముందు డబ్బంతా ఇవ్వకండి.

10. డెలివరీకి ముందు

బుక్ చేసిన కారు తయారైన నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌కు ముందే రాతపూర్వకంగా తీసుకోండి. రిజిస్ట్రేషన్‌కు ముందు స్టాక్‌యార్డుకు వెళ్లి పగటి వెలుతురులో ఆ నంబరుతో సరిపోల్చండి. టైరు మీద నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం: 2324 అంటే 2024లో 23వ వారం. నాలుగు టైర్లకూ తేడా ఎక్కువ ఉంటే, ఒకటి మార్చారేమో అడగండి. నెలల తరబడి నిలిచిన కారుకు బ్యాటరీ బలహీనపడి ఉంటుంది, వోల్టేజీ చూపించమనండి. ఇంజిన్ ఆపాక కాసేపటికి 12.5 వోల్టుల చుట్టూ ఉండాలి. పెయింటును పక్క నుంచి వాలుగా చూసి ప్రతి ప్యానెల్ మీదా అల, గీత, రంగు తేడా వెతకండి, తలుపుల మధ్య సందులు రెండువైపులా సమానంగా ఉన్నాయో వేలితో చూడండి. ఖైరతాబాద్ వేలంలో లక్షలు పోసి ఫ్యాన్సీ నంబరు తీసుకునే ఆలోచన ఉంటే, ఈ తనిఖీ అంతా అయ్యాకే వేలానికి వెళ్లండి. కారు మీ పేరు మీద రిజిస్టర్ అయ్యాక లోపం కనిపిస్తే డీలర్ రిపేరు చేస్తానంటాడు తప్ప కారు మార్చడు.